బయటి పక్క గడియ

తలుపు బిగించడం చూసేవాళ్లకు చిన్న పనిలాగే ఉంటుంది. మూడు బందులు, ఓ పాతిక స్క్రూలు, ఒక గడియ, ఒక తాళం. కానీ ఆ పని చేసే మనిషిని ఇంట్లోకి పిలిచామంటే మన గుట్టంతా అతని చేతిలో పెట్టినట్టే. తాళం చెవి రెండు రోజులు అతని జేబులో ఉంటుంది. ఏ బీరువా ఏ మూల ఉందో అతనికి తెలిసిపోతుంది. అందుకే ఆ పేటలో తలుపు పని పడితే అందరూ ఒకే మనిషికి కబురు పెట్టేవాళ్లు. ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. తలుపుల మేస్త్రీ అంటే చాలు. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా ఇంటింటికీ తలుపులు బిగిస్తున్నా, ఆయన వచ్చివెళ్లాక ఒక చెంచా కనపడలేదన్న మాట ఏ ఇంట్లోనూ పుట్టలేదు.

పనితోపాటు ఆయన కోతలు ఉచితం. కోతలు కోయకుండా ఆయన ఒక్క స్క్రూ కూడా బిగించలేడని, నోరు ఆగితే చెయ్యి ఆగుతుందని పేటలో నవ్వుకునేవాళ్లు.

ఆ రోజు పని మందుల షాపు నడిపే ఆవిడ ఇంట్లో. కొత్తగా వేసుకున్న రెండు గదులకు తలుపులు. రెండోది కూడా బిగించి, చిత్రిక పొట్టు ఊడ్చి, చేతులు కడుక్కుంటుంటే ఆవిడ దగ్గరికొచ్చింది.

"మేస్త్రీగారూ, ఈ చిన్న గదికి బయట కూడా ఒక గడియ పెట్టండి."

"బయటెందుకమ్మా? లోపల పెట్టాగా."

"మావాడి కోసం. నేను షాపు నుంచి వచ్చేసరికి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఓ గంట లోపల పడేస్తే బుద్ధొస్తుంది."

ఆ 'మావాడు' ఎనిమిదేళ్ల వాడు. వరండాలో పెన్సిలు చెక్కుతూ, చెక్కడం ఆపి వింటున్నాడు.

మేస్త్రీ తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "బయట గడియ పెడితే తలుపులు నామీద అలుగుతాయమ్మా. ఒకసారి ఒకరింట్లో పెట్టాను. తెల్లారి లేచి చూస్తే ఆ తలుపు బందులన్నీ విప్పుకుని మా గుమ్మం ముందు నిలబడి ఉంది. 'ఏం మేస్త్రీ, బతికుండగా నన్ను జైలు తలుపును చేస్తావా' అని నిలదీసింది. బతిమాలి వెనక్కి పంపేసరికి నాకు రెండు టీలు ఖర్చు. తను వేడిగా ఉంటేనే తాగుతానంది."

వరండాలో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి, వెంటనే ముఖం మామూలుగా పెట్టుకుంది.

"కోతలకేం గాని, పెడతారా, ఇంకొకళ్లని పిలుచుకోనా?"

"పిలుచుకోండమ్మా. బయట బిగించే గడియలు నా దగ్గర అయిపోయాయి."

తెరిచి ఉన్న పనిపెట్టెలో మూడు గడియలు కనపడుతూనే ఉన్నాయి. ఆవిడ వాటివంక, ఆయనవంక చూసి ఊరుకుంది. వయసు మీద పడితే కొంత చాదస్తం మామూలే అనుకుంది. బయటి తలుపు పైన చిన్న పని ఇంకా మిగిలి ఉందని తాళం చెవి ఆయన దగ్గరే ఉంచింది.

చాదస్తం ఈనాటిది కాదు. నలభై ఏళ్లలో ఆయన ఏ ఇంట్లోనూ పిల్లల గదికి బయటి పక్క గడియ బిగించలేదు. ఎంత పెద్దవాళ్లు అడిగినా ఏదో ఒక కోత కోసి తప్పించుకునేవాడు. తన ఇంట్లో అయితే ముందు తలుపుకు కూడా లోపల నుంచి తెరుచుకునే తాళమే. ఎందుకని ఎవరూ అడగలేదు. నవ్వించే మనిషిని మనం ప్రశ్నలు అడగం. అది మన అందరిలో ఉన్న లోపం.

ఆ ఇంటి మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, చిన్నోడి సంగతి ఓ కొలిక్కి వచ్చింది. వింటే నువ్వు సంతోషిస్తావు."

"ఏమైంది తల్లీ?"

"కేసు లేకుండా బోర్డింగు బడిలో వేస్తే చాలని పిల్లల ఆఫీసువాళ్లు అన్నారు. రెండేళ్లు. ఏ బడో తెలుసా? కొండబడి. నీ బడే నాన్నా."

మేస్త్రీ పనిపెట్టెను మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

చిన్నోడంటే కూతురి కొడుకు. పదమూడేళ్లు. పది రోజుల క్రితం స్నేహితులు ఉసిగొలిపితే బడిలో ఆటల గది తలుపు ఊడదీశాడు. తాళం ముట్టుకోలేదు. తాత స్క్రూడ్రైవరు పట్టుకెళ్లి, తాత నేర్పినట్టే కింది బందు నుంచి మొదలుపెట్టి స్క్రూలు విప్పి, తలుపును గోడకు ఆనించి, రెండు బ్యాట్లు, ఒక బంతి తీసుకెళ్లి మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాచాడు. మర్నాడే దొరికిపోయాడు. అంత శుభ్రంగా తలుపు ఊడదీయగల పిల్లవాడు బడి మొత్తానికి వాడొక్కడే మరి. తల్లి యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తుంది. తండ్రి లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటాడు. పిల్లవాణ్ణి చూసుకునే దిక్కు లేదని కాగితాల మీద రాశారు.

ఆ తల్లి సంతకం పెట్టడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కారణం మేస్త్రీ కోతలే.

ఆయన పదో ఏట నుంచి పదహారో ఏట దాకా కొండబడిలో ఉన్నాడు. కూతురు చిన్నప్పటి నుంచీ ఆ కథలు వింటూనే పెరిగింది. ఇప్పుడు మనవడు వింటున్నాడు.

"మా బడిలో తలుపు వేసుకునే శ్రమ కూడా మాకుండేది కాదు. దానికోసం జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు. పొద్దున తెరవడానికొకడు, సాయంత్రం వెయ్యడానికొకడు, వేశాడో లేదో చూడటానికి ఇంకొకడు" అనేవాడు. "మా బడి రొట్టె ఎంత గట్టిదంటే, ఒకడు చెయ్యి జారి కింద పడేస్తే నేల పగిలింది. ఆ పగులు పూడ్చడానికి ఇంకో రొట్టె తెచ్చి పెట్టారు" అనేవాడు. పొద్దున్నే గంట కొడితే కొండ కింద కోళ్లు సిగ్గుపడి కూత మానేశాయట. చలికి ఒక్కొక్కడికి రెండు దుప్పట్లు, ఒకటి కప్పుకోవడానికి, ఒకటి గొప్పకట. ఎంతమంది వచ్చినా పట్టేవారట, గోడలు రబ్బరుతో కట్టారు కాబట్టి.

అన్నిటికంటే గొప్పది స్పెషల్ గది. "అందులో ఒక్కడే ఉండాలి. భోజనం తలుపు దగ్గరికే వస్తుంది. పాఠం లేదు, పని లేదు, పలకరించేవాడు లేడు. రాజభోగం. అందరికీ దొరకదురా అది. నాకు పదకొండుసార్లు దొరికింది. నా రికార్డు ఎవడూ కొట్టలేదు."

ఆ తర్వాత పిచ్చుక. పక్క మంచం కుర్రాడు. వాడెంత సన్నమంటే, వానలో చినుకుల మధ్య నుంచి నడుచుకుంటూ తడవకుండా వచ్చేవాడట. ఒకరోజు పక్కకు తిరిగి కిటికీ ఊచల మధ్య నుంచి దూరి బయటికి వెళ్లిపోయాడట. ఇప్పుడు పెద్ద ఓడకు కెప్టెనట. చిన్నోడికి అందరిలోకీ పిచ్చుకంటేనే ఇష్టం. "ఓడ ఇప్పుడెక్కడుంది తాతా?" అని అడిగిన ప్రతిసారీ అది ఇంకో సముద్రంలో ఉండేది.

ఆ కథలు వింటూ పెరిగిన ఇల్లు మరికొన్నింటిని చూసీ చూడనట్టు వదిలేసింది. మేస్త్రీ కంచం చుట్టూ ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని తింటాడు. పొద్దున్నే లేవగానే మంచం కాళ్ల దగ్గర చేతులు ఒంటికి ఆనించి ఒక నిమిషం నిటారుగా నిలబడతాడు. బతికున్నన్నాళ్లూ భార్య దాన్ని చూసి నవ్వేది. "ఎవరికండీ ఆ సలాం?" అంటే, "సూర్యుడికి హాజరు చెబుతున్నా. లేకపోతే ఆయన నా పేరు కొట్టేస్తాడు" అనేవాడు. ఆమె నవ్వుతూనే పోయింది.

మేస్త్రీ సాయంత్రం కూతురింటికి వెళ్లేసరికి వరండాలో ఇనపపెట్టె తెరిచి ఉంది. చిన్నోడు చొక్కాలు మడతపెడుతున్నాడు. పది రోజులుగా తల దించుకు తిరిగిన పిల్లవాడి ముఖంలో ఆ రోజే కాస్త వెలుగు వచ్చింది.

"రేపు పదకొండింటికి పిల్లల ఆఫీసులో ఉండాలి నాన్నా. ఆఫీసరమ్మ ముద్ర వేస్తే అక్కడి నుంచే బండిలో తీసుకెళ్తారట" అంది కూతురు.

మేస్త్రీ కుర్చీ అంచున కూర్చున్నాడు. "అక్కడ చలెక్కువ తల్లీ."

"రెండు దుప్పట్లిస్తారుగా తాతా" అన్నాడు చిన్నోడు.

"ఈ పాటికి సీట్లు నిండి ఉంటాయి."

"గోడలు రబ్బరువన్నావుగా."

కూతురు నవ్వింది. "చూశావా, నీ మాటలన్నీ కంఠతా వాడికి." ఆమె తండ్రి పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "నాకు మాత్రం వీణ్ణి పంపాలనుందా? షిఫ్టుకెళ్తే కుట్టు మీద కన్ను నిలవట్లేదు. వీడెక్కడున్నాడో, ఎవడితో తిరుగుతున్నాడో అని. నువ్వూ చిన్నప్పుడు అల్లరి చేస్తేనే కదా అక్కడ వేశారు? నిన్ను మనిషిని చేసిన బడి వీణ్ణి చెయ్యదా?"

మేస్త్రీ నోరు తెరిచాడు. ఎన్నడూ తడుముకోని నోరు. ఒక్క మాట రాలేదు.

చిన్నోడు చొక్కా మడత ఆపి దగ్గరికొచ్చాడు. "తాతా, ఆ స్పెషల్ గది వెళ్లగానే అడగొచ్చా? లేక ముందు మంచి మార్కులు రావాలా?"

మేస్త్రీ లేచి వరండా చివరికి వెళ్లి వీధివంక తిరిగి నిలబడ్డాడు. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేకపోయాడు. ఎందుకో మీరు ఊహించగలరు. పదేళ్ల వయసులో సైకిలు దొంగ అని రాసి ఆయన్ని ఆ కొండ ఎక్కించారు. ఆ మాట బయటపడితే పేటలో ఎవరు ఆయన చేతికి తాళం చెవి ఇస్తారు? నలభై ఏళ్ల నమ్మకం ఒక్క పూటలో పోతుంది. ఇది ఒక భయం. దీని వెనక ఇంకోటి ఉంది. దాన్ని ఆయన తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

మర్నాడు పదకొండింటికి ముగ్గురూ పిల్లల ఆఫీసులో ఉన్నారు. ఆకుపచ్చ రంగు వేసిన పొడుగు గది, గోడ పక్కన బెంచీ, బల్ల వెనక నెరిసిన జుట్టుతో ఆఫీసరమ్మ. కిటికీ అవతల బండి ఆగి ఉంది. డ్రైవరు అద్దాలు తుడుచుకుంటున్నాడు. చిన్నోడు ఇనపపెట్టె మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసింది. "తల్లి సంతకం ఉంది. సరే. మీరు?"

"తాతనమ్మా."

"మా నాన్న కూడా ఆ బడిలోనే చదివాడు మేడం" అంది కూతురు గర్వంగా. "ఆరేళ్లు. వడ్రంగం అక్కడే నేర్చుకున్నాడు."

ఆఫీసరమ్మ ముద్ర పట్టుకున్న చెయ్యి ఆగింది. కళ్లద్దాలు పైకి జరిపి మేస్త్రీని చూసింది. "అయితే మీకంటే బాగా తెలిసినవాళ్లు ఈ గదిలో లేరు. ఎలా ఉండేది?"

"దేవేంద్ర భవనమమ్మా" అన్నాడు మేస్త్రీ. అలవాటు. "తలుపు వేసుకునే శ్రమ కూడా ఉండేది కాదు..."

ఆఫీసరమ్మ నవ్వలేదు. ముద్రను పక్కన పెట్టింది. "ఈ కుర్చీలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను పెద్దాయనా. అక్కడికెళ్లిన పిల్లల్లో చాలామంది మళ్లీ నా ముందుకే వస్తారు. అక్కడేం జరిగిందని అడిగితే ఒక్కడూ చెప్పడు. నవ్వుతాడు, జోకులేస్తాడు. బాగా నవ్వించేవాణ్ణి చూస్తే నాకిప్పుడు భయం. మీ మనవణ్ణి కాసేపు బయట కూర్చోబెడదామా?"

మేస్త్రీ తన అరచేతులు చూసుకున్నాడు.

"వద్దమ్మా. వెళ్లేది వాడు. వాడు వినాలి." చిన్నోడి వైపు తిరిగాడు. "ఒరే నాన్నా, స్పెషల్ గది ఎన్నిసార్లు దొరికిందని చెప్పాను నీకు?"

"పదకొండు."

"పద్దెనిమిది."

కోతల్లో ఆయన ఏ లెక్కనైనా పెంచే చెప్పేవాడు. జీవితం మొత్తంలో తగ్గించి చెప్పింది ఈ ఒక్కటే.

"నాలుగడుగుల గది. కిటికీ లేదు. నేల సిమెంటు, చలికాలం కూడా దుప్పటి ఇవ్వరు. పొద్దున ఒక రొట్టె, సాయంత్రం ఒక రొట్టె, తలుపు కింద సందులోంచి తోసేవాళ్లు. అవసరానికి ఒక డబ్బా. తలుపు వేసే మనుషులున్నారని చెప్పానే, నిజమే. గడియ బయట. పొద్దున్నే గంట కొడితే మంచం కాళ్ల దగ్గర నిటారుగా నిలబడాలి. లెక్క తప్పితే అందరికీ దెబ్బలు. కంచానికి చెయ్యి అడ్డం పెట్టుకోకపోతే పెద్ద కుర్రాళ్లు లాక్కునేవాళ్లు. ఇప్పటికీ నేను అలాగే తింటాను. నువ్వు చూశావు."

కూతురు తండ్రి ముఖంలోకి చూస్తోంది. నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేకపోతున్నట్టుంది. ముప్పై ఐదేళ్ల అలవాటు ఆమెది కూడా.

"మిమ్మల్ని అక్కడెందుకు వేశారు?" అని అడిగింది ఆఫీసరమ్మ నెమ్మదిగా.

"కొట్టు ముందు సైకిలు ఉంటే ఎక్కానమ్మా. సాయంత్రం తెచ్చి అక్కడే పెట్టాను. అమ్మ పోయిన ఏడాది అది. పిన్ని నన్ను భరించలేనని సంతకం పెట్టింది. ఆ తర్వాత ఎవరూ నన్ను చూడటానికి రాలేదు."

ఆయన నీళ్లడిగి తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, దాని అంచు పట్టుకునే ఉన్నాడు.

"పద్నాలుగో ఏట వడ్రంగం షెడ్డులో నాదే మంచి చెయ్యి. ఆ గది గడియ ఊగుతోందని, కొత్తది బిగించమని నాకు చెప్పారు. నన్ను నమ్మి ఒక పని అప్పగించడం అదే మొదలు. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. రెండంగుళాల స్క్రూలు వేశాను, ద్వారబంధం లోపలి దాకా దిగేట్టు. సూపరింటెండెంటు వచ్చి లాగి చూసి నా వీపు తట్టాడు. ఆరేళ్లలో దెబ్బ కాకుండా నా వీపు మీద పడిన చెయ్యి అదొక్కటే."

"తాతా" అన్నాడు చిన్నోడు. ఏదో వస్తోందని వాడికి తెలిసిపోయింది.

"రెండు వారాలకి పిచ్చుకని అందులో పెట్టారు. జేబులో రొట్టె ముక్క దాచుకున్నాడని. వాడికి అప్పటికే జ్వరం. ఆ రోజు సెలవు. గడియకు తాళం వేసి, ఆ చెవి ఉన్నాయన మధ్యాహ్నం కొండ దిగి వెళ్లాడు. పిచ్చుక లోపల నుంచి ముందు నీళ్లడిగాడు. తర్వాత నన్ను పిలిచాడు. గడియ బిగించింది నేనని వాడికి తెలుసు, నేనే విప్పగలననుకున్నాడు. పనిముట్లున్న షెడ్డుకి కూడా తాళం వేసి ఉంది. పదిమందిమి బెంచీతో కొట్టాం. నేను గోళ్లతో స్క్రూలు తిప్పాను. కదల్లేదమ్మా. అంత బాగా బిగించాను."

పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్న గుమాస్తా కొట్టడం ఆపేశాడు.

"సాయంత్రం ఆయన వచ్చి తెరిచేసరికి వాడు పిలవడం మానేసి చాలాసేపయింది. జబ్బు చేసి పోయాడని రాశారు."

"మరి ఓడ?" అన్నాడు చిన్నోడు.

"ఓడ లేదు నాన్నా. నువ్వడిగినప్పుడల్లా వాణ్ణి ఇంకో సముద్రంలోకి పంపింది నేనే."

చిన్నోడి మోకాళ్ల మీద ఇనపపెట్టె ఒరిగిపోయి కింద పడింది. వాడు తీసుకోలేదు.

కూతురు తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా? నేనేం తప్పు చేశాను?"

"చెబితే నువ్వు నవ్వేదానివి తల్లీ. నువ్వు నవ్వితే అది నాకు జరగనట్టే ఉండేది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్ని రాత్రులు ఆ కథలడిగి మరీ చెప్పించుకుందో, ఎన్నిసార్లు పొట్ట పట్టుకుని నవ్విందో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది. "అది యాభై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు రూల్సు మారాయి. కొట్టకూడదు. రంగులు వేశారు, టీవీ పెట్టారు, మంచాలు కొత్తవి. నేను పోయిన నెల చూసొచ్చాను." ఉద్యోగం కాబట్టి ఆమె ఆ మాటలు అనాలి. అంది.

"ఆ గది ఉందా అమ్మా?"

"ఉంది. ఇప్పుడు ఆలోచన గది అంటున్నారు. తప్పు చేసినవాడు కూర్చుని ఆలోచించుకోవడానికట."

"గడియ ఏ పక్కనుంది?"

ఆమె పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది. కిటికీలోంచి బండివంక చూసింది.

"బయటే" అంది.

ఆఫీసరమ్మ కాగితాన్ని కూతురి ముందుకు తిప్పి, సంతకం దగ్గర వేలు పెట్టింది. "ఇది మీ సంతకం. ముద్ర పడేదాకా మీదే." కూతురు పెన్ను తీసుకుని తన పేరు మీద ఒక గీత గీసింది. గీత వంకరపోయింది. దాని మీద ఇంకో గీత గీసింది.

చిన్నోడి మీద కొన్ని షరతులు పెట్టారు. ఆరు నెలలపాటు వారానికోసారి ఆఫీసులో కనపడాలి. హెడ్‌మాస్టరును క్షమాపణ అడగాలి. ఊడదీసిన తలుపును వాడే తిరిగి బిగించాలి. బడి వదిలాక సాయంత్రాలు వాడు తాత వెంటే ఉండాలి.

ఇక్కడితో అన్నీ చక్కబడ్డాయని రాస్తే మీకూ బాగుంటుంది, రాసేవాళ్లకీ తేలిక. అలా జరగలేదు. చిన్నోడు నాలుగు రోజులు తాతతో మాట్లాడలేదు. తాత మీద కోపమో, పిచ్చుక మీద దిగులో వాడికే తెలీదు. ఐదో రోజు ఆటల గది దగ్గర తలుపు ఎత్తి పట్టుకుని, తాత బందులు సరిచూస్తుంటే, మొదటిసారి నోరు విప్పాడు.

"పిచ్చుక అసలు పేరేంటి?"

మేస్త్రీ స్క్రూ తిప్పడం ఆపాడు. గుర్తు తెచ్చుకోవాలని చాలా చూశాడు. "తెలీదురా. అందరం పిచ్చుకనే పిలిచాం. రిజిస్టరులో ఉండి ఉంటుంది."

మిగతా స్క్రూలు చిన్నోడే బిగించాడు.

ఈలోపు గుమాస్తా నోట్లోంచి మాట పేటకు చేరింది. తలుపుల మేస్త్రీ చిన్నప్పుడు దొంగట, జైలుబడిలో పెరిగాడట. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. నమ్మకంతో ఆయన దగ్గరే ఉంచిన తాళం చెవుల్ని, మర్యాదగానే, వారం రోజుల్లో ఆరు ఇళ్లవాళ్లు వెనక్కి అడిగారు. ఒకాయన, "ఏం లేదు మేస్త్రీ, చుట్టాలొస్తున్నారు, ఇంకో చెవి కావాలి" అన్నాడు. ఒకావిడ పిల్లాణ్ణి పంపింది. మేస్త్రీ ప్రతి చెవినీ గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఒక్కచోట కూడా కోత కోయలేదు. అది చూసి మనుషులు ఇంకా భయపడ్డారు.

ఏడో కబురు మందుల షాపావిడ దగ్గర నుంచి. సాయంత్రం మేస్త్రీ మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"పైన మిగిలిన పని తర్వాత చూద్దాం లెండి" అంది, ఆయన కళ్లలోకి చూడకుండా.

"అలాగేనమ్మా." ఆయన తాళం చెవి తీసి ఇచ్చాడు. ఇస్తూ లోపలికి చూశాడు. చిన్న గది తలుపుకు బయట కొత్త గడియ మెరుస్తోంది. ఎవరో తొందరలో బిగించిన పని, కాస్త వంకరగా ఉంది. గడియ వేసి ఉంది. తలుపు అవతల నుంచి పెన్సిలుతో చెక్క మీద గీస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

ఆయన వెనుదిరగాల్సింది. తిరగలేదు.

"అమ్మా, నా గురించి మీరు విన్నది నిజమే. సైకిలు తీసింది నిజం, ఆరేళ్లు ఉన్నది నిజం. అక్కడ నాకు బుద్ధి రాలేదమ్మా. భయం వచ్చింది. ఆ భయాన్ని యాభై ఏళ్లు నవ్వులాటగా చెప్పుకున్నాను. అది విని నా కూతురు నా మనవణ్ణి అక్కడికే పంపబోయింది. మనం పడ్డ బాధని పిల్లలకి బాధగానే చెప్పాలమ్మా. కమ్మటి కథ చేసి చెబితే వాళ్లు దాన్ని వెతుక్కుంటూ వెళ్తారు. మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఇలా గదిలో పెట్టారా?"

ఆవిడ చేతిలో తాళం చెవిని అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. తనలో తను అనుకుంటున్నట్టు, "మా నాన్న పెట్టేవాడు. బొగ్గుల గదిలో" అంది. "అందువల్లే నేను బాగుపడ్డానని అందరికీ చెబుతుంటాను."

"దీన్ని తీసేసి పోనా? కూలీ వద్దు."

ఆవిడ పక్కకు జరిగింది.

మేస్త్రీ స్క్రూడ్రైవరు తీసి మనవడి చేతికిచ్చాడు. చిన్నోడు ముందు గడియ తీశాడు. తర్వాత ఒక్కో స్క్రూ విప్పాడు. నాలుగో స్క్రూ ఊడేసరికి తలుపు లోపల నుంచి రెండు వేళ్ల మందం తెరుచుకుంది. ఆ సందులోంచి ఎనిమిదేళ్ల కన్ను ఒకటి బయటికి చూసింది. బయటికి రావచ్చో లేదో దానికింకా తెలీదు.

ద్వారబంధం మీద చిల్లులు మిగిలాయి. "వాటిని పూడ్చేస్తారా?" అని అడిగింది ఆవిడ.

"ఉండనివ్వండమ్మా. మళ్లీ పెట్టాలనిపిస్తే కనపడాలి."

తాతామనవలు మెట్లు దిగి వెళ్లిపోయారు. మర్నాడు ఆయన్ని పనికి ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు పిలవలేదు. పేట మనసు అంత త్వరగా మారదు. ఆ కొండ మీద గది ఇప్పటికీ ఉంది, దాని గడియ ఇప్పటికీ బయటే ఉంది, కింద బండి ఎవరి పిల్లవాణ్ణో ఎక్కించుకుని ఇప్పటికీ వెళ్తూనే ఉంది.

తప్పు చేసిన బిడ్డను లోపల పెట్టి గడియ వేస్తే తప్పు పోదు, బిడ్డ పోతాడు. ఇది చదివిన మీ ఇంట్లోనూ తలుపులుంటాయి. లేచి వెళ్లి, గడియ ఏ పక్కనుందో ఒక్కసారి చూసుకోండి.